కంప్యూటరు మూగనోము

ఇంట్లో కంప్యూటరు మొరాయిస్తే ఆడవాళ్ళు చెయ్యవలసిన మొదటి పని ఏమిటో తెలుసాండీ? దాని జోలికి వెళ్ళకపోవటం. రెండో పని, అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చోవటం. మూడో పని, వచ్చిన అబ్బాయి కాఫీ తాగి, స్నానం చేసి, ఫోనులో ఇంకో మీటింగు కానిచ్చుకుని, చివరికి కుర్చీ లాక్కుని "నువ్వేం నొక్కావమ్మా?" అని అడిగితే, "నేనేం నొక్కలేదు నాయనా" అని సంజాయిషీ చెప్పుకోవటం. ఇది ఏ ధర్మశాస్త్రంలో రాశారోగాని, కొండాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఏ అపార్టుమెంటు తలుపు తట్టినా ఇదే ఆచారం. ఆ అబ్బాయికి ఆఫీసులో పని ఏమిటయ్యా అంటే, ఎక్కడో లండనులో ఆగిపోయిన కంప్యూటర్లను ఇక్కడ కూర్చుని బాగుచెయ్యటం!

ఈ ఆచారం మీద నాకు చాలాకాలంగా ఒళ్ళుమంట. ఇవాళ దాని సంగతేదో తేల్చేద్దామని కూర్చున్నాను. కంప్యూటరు జబ్బులన్నీ ఎత్తుకోను, ఒక్క జబ్బు చాలు. గొంతు పోవటం. బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది, మనుషులు పెదవులు కదుపుతూనే ఉంటారు, పాట కింద గీత ముందుకు జరుగుతూనే ఉంటుంది. శబ్దం మాత్రం ఉండదు. మూగనోము పట్టినట్టు కూర్చుంటుంది. ఆ కంప్యూటరులో ఉన్నది లినక్సయితే ఇక చెప్పనే అక్కర్లేదు. "లినక్సు కదమ్మా, అది అంతే" అని ఒక్కమాట అనేసి మనవాళ్ళు చేతులు దులుపుకుంటారు.

అది అంతే ఎందుకవుతుందండీ? నేను అనేది ఒకటే. గొంతు పోయిన కంప్యూటరులో చాలాసార్లు ఏదీ పాడై ఉండదు. ఎక్కడో ఒక తలుపు మూసి ఉంటుంది, లేకపోతే శబ్దం మన గుమ్మం వదిలేసి ఇంకో గుమ్మంలోకి పోతూ ఉంటుంది. ఆ తలుపు ఏదో వెతికి చూసుకోవటం ఏ ఇల్లాలికైనా వచ్చు. రానిది కాదు, రానివ్వనిది. అదీ నా తగాదా.

లినక్సు ఇంజనీర్ల వ్యవహారం కదా, మన ఇళ్ళలోకెలా వచ్చిందీ అంటారేమో. వచ్చింది మరి. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టువారు విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేశారు. కొత్త విండోస్ 11 కావాలంటే ఫలానా తరం ప్రాసెసరుండాలి, ఫలానా భద్రతా చిప్పుండాలి అన్నారు. ఏ పదేళ్ళ కిందటో కొన్న పెట్టె నిక్షేపంలా తిరుగుతున్నా, ఉన్నట్టుండి వెలివేసినట్టయింది. "పారెయ్యటం ఎందుకమ్మా, లినక్సు వేసిస్తాను, నీ పాటలకీ పురాణాలకీ చాలు" అన్నారు పిల్లలు. వేశారు. ఉచితం. పాత మెషీను మీద కూడా హాయిగా నడుస్తుంది. దాన్ని నేను తప్పుపట్టను, మంచి పనే చేశారు. 1969లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వారి దగ్గర కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ దీనికి తాతగారి వరస. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు అదే తీరులో తనకోసం రాసుకోవటం మొదలుపెట్టినది ఈ లినక్సు. 1998 నవంబరులో వాజ్‌పేయిగారు మాదాపూర్ గుట్టల మధ్య సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ గుట్టలు పోయి అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల్లో మన పిల్లలు పగలూ రాత్రీ కాపలా కాసే సర్వర్లలో చాలా వాటి కడుపులో ఉండేది ఇదే. అంటే ఊరు ఊరంతా దీని మీద అన్నం తింటోంది. అమ్మ కంప్యూటరుకు గొంతు పోతే చూసే దిక్కు మాత్రం లేదు. దీపం కిందే చీకటన్నారు.

ఓ రోజు పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదనుకోండి. మనం ఏం చేస్తాం? "అయ్యో, ఇల్లు పోయింది, కూలగొట్టి కొత్తది కట్టించాలి" అంటామా? స్నానాలగదిలోనే రావటం లేదా, వంటింట్లోనూ అంతేనా చూస్తాం. ఎదురింటి తలుపు కొట్టి మీకొస్తున్నాయా అని అడుగుతాం. వాచ్‌మన్‌ను పిలిచి మోటారు వేశావా, పైన ట్యాంకులో ఉన్నాయా, మన లైనుకు వాల్వు ఎవరైనా కట్టేశారా అని నిలదీస్తాం. ఇదంతా మనకు ఏ ఇంజనీరింగు కాలేజీలో నేర్పారు? నీళ్ళు గొట్టంలోంచి వస్తాయనీ, ఆ గొట్టానికి అక్కడక్కడ బిరడాలుంటాయనీ తెలిస్తే చాలు. శబ్దమూ అంతే. పాట కంప్యూటరులోపల ఎక్కడో పుట్టి నాలుగు చేతులు మారి స్పీకరు దాకా వస్తుంది. ఎవరి దగ్గర ఆగిందో చూడాలి.

మిక్సీ తిరగకపోతే బోర్లించి అడుగున ఎర్రబొత్తాం నొక్కేది ఎవరండీ? కుక్కరు ఈల వెయ్యకపోతే గాస్కెట్టు సాగిందని చెప్పేది ఎవరు? ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు చూసేది, వాషింగు మెషీను గొట్టం దగ్గర జాలీలో మట్టి తీసేది ఎవరు? అవన్నీ చేసిన చేతులు కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మైలపడ్డట్టు ఎందుకు దూరం జరగాలో నాకు బోధపడదు.

కబుర్లకేం గానీ, దీనివల్ల మునిగిపోయేదేముంది, ఓ సీరియలు పోతుందంతేగా అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం మా పిన్నిగారి సంగతి చెప్పాలి.

ఆవిడ చందానగర్‌లో ఒక్కరే ఉంటారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. నీటికాసుల జబ్బుతో చూపు మెల్లమెల్లగా పోయి, ఇప్పుడు వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే. కొడుకు డాలస్‌లో. పోయినసారి వచ్చినప్పుడు ఆవిడ కంప్యూటరులో లినక్సు వేసి, ఓర్కా అని ఒక చదివిపెట్టే ప్రోగ్రాము పెట్టి వెళ్ళాడు. తెర మీద ఏముంటే అది పైకి చదువుతుంది. మీట మీద మీట నొక్కుతూ వెళ్తే ఇప్పుడు ఎక్కడున్నారో, ఏ అక్షరం కొట్టారో చెబుతుంది. ఈ-స్పీక్ అనే యంత్రపు గొంతుతో తెలుగు కూడా చదువుతుంది. ఆ గొంతు రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు ఉంటుందిలెండి. అయినా ఆవిడ దానితో రోజూ పేపరు చదువుకునేవారు, పాత శిష్యులకు ఉత్తరాలు రాసుకునేవారు. "కళ్ళు పోయాక మళ్ళీ నాకు చదువొచ్చిందే" అన్నారు నాతో ఒకసారి.

అలాంటిది ఒకరోజు పొద్దున్న కంప్యూటరు పలకలేదు. ఆలోచించండి. మనకు శబ్దం పోతే పాట పోతుంది. ఆవిడకు శబ్దం పోతే కంప్యూటరే పోయింది. తెర వెలిగిందో లేదో తెలియదు, ఎక్కడ ఏం నొక్కాలో తెలియదు. బాగుచేసుకోవటానికి ఏ దారిన వెళ్దామన్నా ఆ దారి చెప్పవలసిన గొంతే లేదు. కొడుక్కి ఫోను చేస్తే "అమ్మా, నువ్వేం కదపకు, ఎవరినన్నా పిలిచి చూపించు" అన్నాడు. ఆ సందు చివర షాపులోంచి ఒక కుర్రాడొచ్చాడు. పది నిమిషాలు అటూ ఇటూ కదిపి, "సౌండు పోయిందమ్మా, బోర్డు మార్చాలి, ఆరువేల అయిదొందలవుతుంది. ఈ లినక్సు కూడా తీసేస్తే మంచిది" అని, చూసినందుకు నాలుగొందలు పుచ్చుకుని వెళ్ళాడు. ఆవిడ ఎనిమిది రోజులు అల్లాగే కూర్చున్నారు. పెన్షను వచ్చాక చేయిద్దామని.

నేను వెళ్ళిన రోజు ఏముందో చూద్దామని కూర్చున్నాను. నా చదువు బి.ఏ., అదీ తెలుగు మీడియం. నాలుగైదు నిమిషాల్లో సంగతి తెలిసింది. దసరాకి కొత్త మానిటరు కొన్నారు. అది బొమ్మకీ శబ్దానికీ కలిపి ఒకటే వైరుతో, హెచ్‌డీఎంఐ అంటారే, దానితో తగిలిస్తారు. ఆ మానిటరుకు స్పీకర్లు లేవు. వెనక హెడ్‌ఫోను పెట్టుకునే బెజ్జం మాత్రం ఉంది. ఆ బెజ్జం ఉన్న పాపానికి "నేను కూడా మాట్లాడగలను" అని కంప్యూటరుకు చెప్పుకుంటుంది. ముందు రోజు రాత్రి అప్‌డేట్లేవో పడ్డాయి. తెల్లారేసరికి కంప్యూటరు పాత స్పీకర్లను వదిలేసి శబ్దమంతా మానిటరుకు పంపటం మొదలుపెట్టింది. పేపరు చదువుతూనే ఉంది పాపం, ఆ ఎనిమిది రోజులూ. నోరులేని వాడి చెవిలో చదివింది! సెట్టింగ్సులోకి వెళ్ళి, సౌండు అన్న చోట అవుట్‌పుట్ మార్చాను. గది అంతా గులకరాళ్ళు మోగాయి. పిన్నిగారు ఏమీ అనలేదు. చీర చెంగుతో మొహం తుడుచుకున్నారు.

చెప్పండి మరి. ఇందులో బోర్డు ఎక్కడ పోయింది? ఆరువేల అయిదొందల జబ్బు ఎక్కడుంది? ఆ కుర్రాడు మోసగాడని కూడా నేననను. వాడికి తెలిసిన వైద్యం అదొక్కటే, మార్చెయ్యటం. నా కోపం ఆ కుర్రాడి మీద కంటే "నువ్వేం కదపకు" అన్న మాట మీద.

ఇక ఈ లినక్సు కట్టినవాళ్ళ మీద కూడా నాకో ఫిర్యాదుంది. అది చెప్పాలంటే కాస్త వంశవృక్షం ఎత్తాలి, విసుక్కోకండి. ఈ ఇంట్లో శబ్దం వ్యవహారం చూసే కోడళ్ళు ఒకరు కాదు, నలుగురు. మొదట 1990ల్లో ఓఎస్‌ఎస్ అని ఒకావిడ వచ్చింది. ఫిన్లండులో హన్ను సవోలైనెన్ రాశారు. ఆవిడ దగ్గర మామూలు కార్డయితే ఒక్కసారికి ఒక్కరికే పొయ్యి. ఒక ప్రోగ్రాము పాడుతుంటే ఇంకొకటి నోరెత్తకూడదు. తరవాత 1998 ప్రాంతంలో చెక్ దేశంలో యారోస్లావ్ కీసెలా ఆల్సా అనే రెండో ఆవిణ్ణి తయారుచెయ్యటం మొదలుపెట్టారు. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో ఆవిడ అధికారంగా గృహప్రవేశం చేసింది. పనిమంతురాలే. కానీ ఒక అలవాటుంది. గొట్టాలన్నీ కట్టేసి అప్పగిస్తుంది. అంటే కొత్తగా పెట్టినప్పుడు అన్ని దారులూ మూసే ఉంటాయి, మనమే తెరుచుకోవాలి. ఒక్కసారిగా చెవులు పగిలే మోత రాకుండా జాగ్రత్తట. ఆవిడ పైన 2004లో లెనార్ట్ పోటరింగ్ పల్స్‌ఆడియోను తెచ్చారు. 2007లో ఫెడోరాలోకి, 2008లో ఉబుంటులోకి వచ్చింది. వచ్చిన కొత్తలో ఆవిడ పెట్టిన తంటా ఇంతా అంతా కాదు, పలికే కంప్యూటర్లు కూడా మూగబోయాయని గగ్గోలు పుట్టింది. తరవాత సర్దుకుంది. ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో వాల్యూము పెట్టే సుఖం మనకు ఆవిడవల్లే. ఇప్పుడు చిన్నకోడలు పైప్‌వైర్. విమ్ టైమన్స్ సృష్టి. 2021లో ఫెడోరా, 2022 అక్టోబరులో ఉబుంటు ఆవిడ చేతికి పెత్తనం అప్పగించాయి.

బాగానే ఉంది. కానీ కొత్త కోడలు వచ్చినప్పుడల్లా పాతవాళ్ళందరూ ఇల్లు ఖాళీ చేశారా అంటే లేదు. ఓఎస్‌ఎస్ మూలపడిందిగాని, ఆల్సా ఇప్పటికీ అడుగున కూర్చునే ఉంది, పలికేది ఆవిడ చేతిమీదుగానే. పైప్‌వైర్ పల్స్‌ఆడియో చీర కట్టుకుని పాత ప్రోగ్రాములతో మాట్లాడుతుంది. పైన వాల్యూము గీత ఒకటి, కింద గీత ఇంకొకటి. పై ఆవిడ "నూటికి నూరు పెట్టానుగా" అంటుంది. కింద ఆవిడ నోరు కుట్టేసుకుని ఉంటుంది. ఫలానా చోట మూసి ఉందమ్మా అని ఒక్కమాట మనకు చెప్పే మర్యాద వాళ్ళెవరికీ లేదు. పాలు పొంగితే చెప్పే పళ్ళెం కూడా మనింట్లో ఉంది. ఇంత తెలివైన యంత్రం "నా శబ్దం స్పీకర్లు లేని మానిటరులోకి పోతోంది, సరేనా?" అని అడగలేదా? మా పిన్నిగారిలాంటివాళ్ళు వాడతారని తెలిసి కూడా? ఓర్కా తయారుచేసినవాళ్ళకి నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ ఓర్కా నోరు నొక్కే సంగతిని ఇంకో గదిలో ఇంకొకళ్ళు పట్టించుకోకుండా వదిలేస్తే ఆ పుణ్యం ఎంతవరకు?

సరే, వాళ్ళు మారేదాకా మనం కాళ్ళు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. కుళాయి దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళాలి, అంతే పద్ధతి. స్పీకర్లకు కరెంటుందా? నవ్వకండి, ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ప్లగ్గు వదులైతే కూడా ఇంతే మూగతనం. పెట్టె వెనక మూడు రంగుల బెజ్జాలుంటాయి. ఆకుపచ్చది స్పీకర్లకు, గులాబీరంగుది మైకుకు, నీలంది బయటి శబ్దం లోపలికి తెచ్చుకోవటానికి. ఆకుపచ్చ బెజ్జంలోంచి స్పీకరు తీసేసి ఒక ఇయర్‌ఫోను పెట్టి వినండి. వినిపించిందా, కంప్యూటరు నిర్దోషి, దొంగ స్పీకరే. ముందువైపు బెజ్జంలో ఎవరన్నా ఇయర్‌ఫోను మరిచిపోయారేమో అదీ చూడండి. ముందు హెడ్‌ఫోను కనిపిస్తే వెనక స్పీకర్ల నోరు తనంతట తానే నొక్కేసే అలవాటు చాలా మెషీన్లకు ఉంది.

తరవాత, ఒక్క ప్రోగ్రాములోనే పోయిందా, అన్నిటిలోనూ పోయిందా? బ్రౌజరులో ఒక్కో ట్యాబు నోరు విడిగా మూసెయ్యవచ్చు. ఎప్పుడో విసుగుపుట్టి మూసి మరిచిపోతాం. అన్నిటిలోనూ పోతే సెట్టింగ్సు, సౌండు, అవుట్‌పుట్. అక్కడ ఎన్ని గుమ్మాలున్నాయో జాబితా కనిపిస్తుంది. ఒక్కోటి ఎంచుకుని టెస్టు బొత్తాం నొక్కితే "ఫ్రంట్ లెఫ్ట్" అని ఒకమ్మాయి పలుకుతుంది. పలికిన గుమ్మమే మన గుమ్మం. మా ఇంట్లో ఒకసారి సుబ్బలక్ష్మిగారి కచేరీ అంతా మంచం మీద పడున్న మా అబ్బాయి బ్లూటూతు హెడ్‌ఫోన్లు విన్నాయి. పక్కగదిలో వాటికి సంగీతం, ఇక్కడ నాకు మౌనం!

ఇంతవరకూ ఎవరికీ భయం లేదు కదా? ఇక నల్లతెర. టెర్మినలంటారు. సినిమాల్లో దొంగవెధవలు బ్యాంకులు దోచుకునేటప్పుడు చూపిస్తారే, అది. అందులో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా, ఆల్సామిక్సర్ అని కొట్టి ఎంటరు నొక్కండి. నిలువుగా గొట్టాల్లాంటి గీతలు లేస్తాయి. ఎఫ్6 నొక్కితే అసలు సౌండుకార్డు పేరు ఎంచుకోవచ్చు. ముందు అది ఎంచుకోవాలి, లేకపోతే చిన్నకోడలి గీతే చూపించి ఊరుకుంటుంది. ఇప్పుడు ఒక్కో గొట్టం కింద చూడండి. రెండు సున్నాలుంటే తెరిచి ఉన్నట్టు. ఇంగ్లీషు 'ఎం'లు రెండుంటే నోరు మూసినట్టు. బాణాలతో ఆ గొట్టం దగ్గరికి వెళ్ళి 'ఎం' మీట నొక్కితే ఎంలు పోయి సున్నాలొస్తాయి. పైబాణంతో గీత పెంచాలి. ఎస్కేపు నొక్కితే బయటికి. అంతే. హిమాలయాలెక్కినంత చెప్పారు కదూ దీని గురించి!

అవుట్‌పుట్ జాబితాలో "డమ్మీ అవుట్‌పుట్" అని ఒక్కటే ఉంటే మాత్రం సంగతి వేరు. ఉత్తుత్తి గుమ్మమన్నమాట. కంప్యూటరుకు సౌండుకార్డే కనిపించటం లేదు. ఒక్కోసారి పైప్‌వైరే తడబడి ఉంటుంది, బయటికి వెళ్ళి మళ్ళీ లాగిన్ అయితే సర్దుకుంటుంది. అప్‌డేట్ అయిన మర్నాడు మొదలైతే, కంప్యూటరు లేచేటప్పుడు వచ్చే జాబితాలో పాత కెర్నెల్ ఎంచుకుని చూడాలి. పాతదాంట్లో పలికితే తప్పు కొత్తదానిది, మన పెట్టెది కాదు. కొత్త రకం ల్యాప్‌టాపుల్లో కొన్నిటికి ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్యాకేజీ విడిగా వెయ్యాలి. ఇక్కడ మాత్రం పాస్‌వర్డ్ కావాలి.

ఆ పాస్‌వర్డ్ దగ్గరే ఉంది అసలు కథ. ఇంతదాకా చెప్పినవాటిలో దేనికీ పాస్‌వర్డ్ అక్కర్లేదు. గుమ్మం మార్చటానికి, గొట్టం తెరవటానికి, ఎవరి అనుమతీ వద్దు. కానీ ఆ మాట మనకెవరూ చెప్పలేదు. ప్యాకేజీ వెయ్యటానికీ అప్‌డేట్‌కూ కావలసిన పాస్‌వర్డ్ కొడుకుల దగ్గరుంటుంది. పూర్వం అత్తగారు తాళాలగుత్తి కోడలి బొడ్డున దోపటానికి ఎన్నేళ్ళు పట్టేదో, ఇప్పుడు కొడుకు అమ్మ చేతికి పాస్‌వర్డ్ ఇవ్వటానికి అన్నేళ్ళు పడుతోంది. ఇంటి దస్తావేజులు మన బీరువాలో ఉంటాయి, బ్యాంకు లాకరు మన పేరున ఉంటుంది. ఈ పెట్టె తాళం మాత్రం డాలస్‌లో ఉంటుంది. "ఏదన్నా చెరిపేస్తే?" అంటారు. చెరిపేస్తే మళ్ళీ రాసుకుంటాం. నువ్వు పలకమీద ఎన్నిసార్లు చెరిపావో మేం లెక్కపెట్టామా నాయనా?

లినక్సు పండితులు కొందరున్నారు. ఏమడిగినా "మాన్యువల్ చదువుకోండి" అంటారు. చదువుతామండీ, చదువురానివాళ్ళం కాం. తెలుగులో ఏదీ మరి? తెలుగులో కంప్యూటరు నడవాలని 2005లో హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ పుట్టింది. వాళ్ళు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తయారుచేసి చూపించారు. 2007లో సి-డాక్‌వారు బాస్ లినక్సు తెచ్చారు, మన దేశభాషల్లో. ఎవరో జీతాలు లేకుండా రాత్రిళ్ళు కూర్చుని మెనూలు తెలుగు చేశారు, వాళ్ళ కడుపు చల్లగా. కానీ అంతా బాగున్నప్పుడు కనిపించే మాటలు తెలుగయి, చెడినప్పుడు చూడవలసిన ఆ ఆల్సామిక్సర్ గొట్టాల పేర్లు ఇంగ్లీషుగా మిగిలితే మా పిన్నిగారికి ఒరిగేదేమిటి? దారి బోర్డులన్నీ తెలుగులో పెట్టి ఆస్పత్రి బోర్డు ఒక్కటీ లాటిన్‌లో రాసినట్టుంది. తెలుగు చేసేవాళ్ళను నేను కోరేది అదొక్కటే, ముందు చెడినచోటు తెలుగు చెయ్యండి.

ఈ గోలంతా ఎందుకు, డబ్బు పారేసి విండోసే కొనుక్కోవచ్చుగా అంటుంది మా ఎదురింటావిడ. అక్కడ మాత్రం మానిటరు వైరు తగిలిస్తే శబ్దం అటు పారిపోదనుకుంటున్నారా? అక్కడా అదే తంతు. పోయినవారం ఆవిడ కంప్యూటరుదే నేను వెళ్ళి మార్చొచ్చాను. ఆ మాత్రానికి నలభై వేలు పోసి కొత్త పెట్టె కొని, పాతదాన్ని చెత్తబండి కెక్కించటం ఏ లెక్కన పొదుపో ఆవిడే చెప్పాలి.

మరో వాదం మన ఆడవాళ్ళదే. "ఉన్న చాకిరీ చాలకా ఇదొకటి నెత్తినేసుకోవటం?" అంటారు. ఇందులో న్యాయముంది, కొట్టిపారెయ్యను. మనం నేర్చుకున్న ప్రతి పనీ చివరికి మన మెడకే చుట్టుకుంటుంది. కానీ నేర్చుకోకపోతే పని తప్పిందా చెప్పండి. రోజంతా ఎదురుచూడటం పని కాదా? బతిమాలటం పని కాదా? "ఏం నొక్కావు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవటం పని కాదా? ఐదు నిమిషాల పని మిగుల్చుకోబోయి ఎనిమిది రోజుల చాకిరీ చేస్తున్నాం.

పిన్నిగారి విషయానికొస్తే, గుమ్మం మార్చి వచ్చేస్తే సరిపోదని నాకు తెలుసు. రేపు ఇంకో అప్‌డేట్ పడి మళ్ళీ మానిటరులోకి పోతే ఆవిడకు చూసుకునే దారి లేదు. మా పై అంతస్తులో ఇంజనీరింగు చదివే అమ్మాయి ఉంది. ఆదివారం మెట్రోలో మియాపూర్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో ఇద్దరం చేరాం. పావుకంట్రోల్ అనే ప్రోగ్రాములో కాన్ఫిగరేషన్ అన్నచోట మానిటరు శబ్దపు దారిని పూర్తిగా ఆఫ్ చేసేశాం. గుమ్మమే లేకపోతే పోయేదెక్కడికి? దానితో ఊరుకోకుండా ఆ అమ్మాయి ఇంకో ఏర్పాటు చేసింది. కీబోర్డు మీద కంట్రోలు, ఆల్టు, ఎస్ కలిపి నొక్కితే శబ్దం తిరిగి ఆకుపచ్చ బెజ్జంలోకే వచ్చేటట్టు. చూడనక్కర్లేదు, వేళ్ళకు తెలిస్తే చాలు. పిన్నిగారు పదిసార్లు నొక్కి నేర్చుకున్నారు. మేము కావాలని శబ్దం బ్లూటూతుకు మళ్ళించి పరీక్ష పెడితే, నవ్వుతూ నొక్కి వెనక్కి తెచ్చుకున్నారు. టీచరుకు పరీక్ష పెట్టినందుకు నాకు మాత్రం కాస్త బెరుకనిపించింది.

పావుకంట్రోల్ ఆ కంప్యూటరులో ముందే ఉంది గనక సరిపోయింది. లేకపోతే వేసుకోవటానికి పాస్‌వర్డ్ కావలసి వచ్చేది. అది మాత్రం ఇంకా చేతికి రాలేదు. తమ్ముడికి ఫోను చేసి నేనే అడిగాను. "సంక్రాంతికి వస్తున్నాను కదక్కా, అప్పుడు నేనే చూస్తాలే" అన్నాడు. అమ్మ పేరున కొన్న కంప్యూటరు కదరా అన్నాను. అటుపక్క శబ్దం లేదు.